పడ్డాక లేచినవాళ్ళ లెక్క

ఆ ఏడాది జూన్ మొదటి సోమవారం నాడు నన్ను జాతీయ మహిళల రగ్బీ జట్టు శిక్షణ శిబిరానికి ఎనలిస్టుగా పంపారు. శిబిరం చెన్నైలోనే. మా కంపెనీ విదేశీ జట్ల మ్యాచ్ వీడియోలు తెప్పించుకుని, ఏ ఆటగాడు ఏ నిమిషంలో ఏం చేశాడో లెక్క కట్టి తిప్పి పంపేది. నేను ఆ విభాగానికి పెద్దను. మన దేశపు జట్టు కోసం పని చేయడం మాత్రం అదే మొదటిసారి. పురసవాక్కంలో పుట్టి, కుర్రతనంలో ఈ ఊళ్ళోనే ఒక క్లబ్బు తరఫున రగ్బీ ఆడి ముక్కు పగలగొట్టుకున్నవాణ్ణి కాబట్టి, ఉత్తర్వు చేతికి రాగానే సంతోషించాను. ఆ మాట దాచుకోవడం ఎందుకు?

ముందే ఒకటి చెప్పాలి. రగ్బీ అంటే అమెరికావాళ్ళు హెల్మెట్లు పెట్టుకుని ఆడేది కాదు. ఉద్యోగం చేసినన్నాళ్ళూ పెళ్ళిళ్ళలో, పేరంటాల్లో నాకు ఈ ప్రశ్న తప్పలేదు. రిటైరయ్యాక కూడా తప్పడం లేదు.

శిబిరంలో హోదాల వరస ఇలా ఉండేది. పైన చీఫ్ కోచ్. న్యూజీలాండ్ నుంచి వచ్చినాయన, మాట పొదుపు. ఆయన తర్వాత మేనేజరు శశికళ మేడమ్. ఒకప్పుడు అథ్లెటిక్స్‌లో రాష్ట్రం తరఫున పరుగెత్తిన మనిషి, జట్టు ఎంపిక కాగితం మీద కోచ్ పక్కన సంతకం పెట్టే అధికారం ఆమెది. తర్వాత ఫిజియో. ఆ తర్వాత నేను. నా కింద నీళ్ళ సీసాలు.

మా పనిలో కష్టమైన భాగం బ్రేక్‌డౌన్. బంతి పట్టుకుని పరుగెత్తేవాణ్ణి ఎదుటివాడు పడగొడతాడు. దాన్ని ట్యాకిల్ అంటారు. పడినవాడు బంతిని వదిలేయాలి. అప్పుడు రెండు జట్లవాళ్ళూ ఆ బంతి మీదికి వచ్చి పడతారు. ఆ తోపులాటే బ్రేక్‌డౌన్. టీవీలో చూసేవాళ్ళకి అది మనుషుల కుప్ప. ఆట తెలిసినవాళ్ళకి మ్యాచ్ గెలిచేదీ ఓడేదీ అక్కడే. కుప్ప దగ్గరికి మొదట ఎవరు వచ్చారు, రెండోది ఎవరు, వచ్చి తోశారా, బంతి లాగారా, ఊరికే నిలబడి చూశారా అన్నది వీడియోను ముందుకీ వెనక్కీ తిప్పుతూ ఒక్కొక్కరి పేరు మీదా ఎక్కించాలి. దీన్ని కోడింగ్ అంటాం. అలా తేలిన లెక్కను వర్క్ రేట్ అంటారు. ఎవరు ఎంత ఒళ్ళు వంచారో చెప్పే లెక్క అది.

ఈ పనికి మొదట్లో క్రికెట్ పిచ్చి ఉన్న కుర్రాళ్ళను తీసుకుని బోల్తా పడ్డాను. కుప్పలో చొక్కా వెనక నంబరు కనపడదు. మోకాలికి కట్టిన పట్టీనో, మేజోడు జారిన తీరునో చూసి మనిషిని పోల్చాలి. క్రికెట్ కళ్ళు ఆ పనికి రాలేదు. చివరికి కబడ్డీ ఆడినవాళ్ళను వెతికి పట్టుకున్నాను. ఆరేడుగురు ఒకణ్ణి ఒడిసి పట్టినప్పుడు ఏ చెయ్యి ఎవరిదో, ఏ కాలు ఎవరిదో వాళ్ళకి ఇట్టే తెలుస్తుంది. అలా దొరికినవాళ్ళే సెల్వం, బాబు. సెల్వం తమిళుడు. బాబు మాధవరంలో తాతల నాటి నుంచీ ఉంటున్న తెలుగు కుటుంబంవాడు. ఇద్దరూ జిల్లా స్థాయిలో కబడ్డీ ఆడారు. వాళ్ళ కళ్ళ మీద నాకు నా కళ్ళ కంటే ఎక్కువ నమ్మకం. ఇద్దర్నీ శిబిరానికి వెంటబెట్టుకెళ్ళాను.

శిబిరం మొదటి రోజే నేను తయారు చేసిన వర్క్ రేట్ ఫారాన్ని కోచ్ జట్టు గది గోడకి అంటించారు. ఏ పనికి మార్కులున్నాయో ఆటగత్తెలకి తెలిసి ఉండాలన్నది ఆయన పద్ధతి. మంచి పద్ధతే అనుకున్నాను.

మూడో వారంలో ఒక విదేశీ జాతీయ జట్టు మనతో టెస్ట్ ఆడడానికి చెన్నై వచ్చింది. టెస్ట్ అంటే రెండు దేశాల మధ్య అధికారిక మ్యాచ్. దానికి ముందు మంగళవారం వాళ్ళతోనే ఒక ప్రాక్టీసు మ్యాచ్ పెట్టారు. అది రికార్డుల్లోకి ఎక్కదు. దాన్నిబట్టి టెస్ట్‌కి ఇరవై ముగ్గుర్ని ఎంపిక చేస్తారు. పదిహేను మంది మైదానంలో, ఎనిమిది మంది బెంచి మీద. ఎంపిక సమావేశం శుక్రవారం మధ్యాహ్నం.

ఆ ఇరవై ముగ్గురిలో చోటు కోసం మిగతా అందరికంటే ఎక్కువ ఆత్రపడింది ఎస్తేరు. పేరు మార్చి రాస్తున్నాను. రాయపురం అమ్మాయి, తెలుగు క్రైస్తవుల బిడ్డ. ఫ్లాంకర్ స్థానంలో ఆడేది. బ్రేక్‌డౌన్ దగ్గర దెబ్బలాడడమే ఫ్లాంకర్ ఉద్యోగం. స్పోర్ట్స్ కోటాలో ప్రభుత్వ ఉద్యోగానికి ఆమె అర్జీ పెట్టుకోగలిగిన ఆఖరి ఏడు అదే. దేశం తరఫున ఒక్క టెస్ట్ అయినా ఆడితేనే అర్జీ చెల్లుతుంది. బెంచి మీద నుంచి దిగి పది నిమిషాలు ఆడినా చాలు. ఏడాది దాటితే వయసు మించిపోతుంది. ఈ సంగతి శిబిరంలో అందరికీ తెలుసు.

బుధవారం ఉదయం ఎస్తేరు తల్లి దీనమ్మ వచ్చి నా గది బయట నిలబడింది. రాయపురంలో ఒక బడిలో ఆయా. నేను తెలుగువాణ్ణని ఎవరో చెప్పినట్టున్నారు.

“మీరు మనోళ్ళే గదా సార్. ఈడ ఇంకెవుర్ని అడిగేది? పెద్దాయన చెవిలో ఒక మాట ఎయ్యండి. పాపకి ఈ ఒక్క సారిదా చాన్సు ఉండాది.”

నాకు ఒళ్ళు మండింది. సిఫార్సు అనే మాట వింటేనే నాకు గిట్టదు. ఎనలిస్టు ఎంపికకి ముందు ఏ ఆటగాడి పేరూ ఎత్తకూడదు. ఫారం మాట్లాడాలి, మనిషి మాట్లాడకూడదు. మా వృత్తిలో ఇంతకు మించిన నియమం లేదు. “ఈడ మాటలతో పని జరగదమ్మా. మీ పాప ఆడిందే మాట్లాడతాది. మీరు ఇంటికి పోండి,” అన్నాను. ఆమె కొంగు భుజాన సర్దుకుని వెళ్ళిపోయింది.

గురువారం ఉదయానికి ప్రాక్టీసు మ్యాచ్ లెక్క పూర్తయింది. అందులో ఎస్తేరు, తోపులాట పని ఎక్కువగా ఉండే ఫార్వర్డ్‌లందరిలోకీ అట్టడుగున ఉంది. బ్రేక్‌డౌన్‌కి చేరినవి తక్కువ. పైగా రిఫరీ ఆమె మీద ఇచ్చిన పెనాల్టీలు మాత్రం ఎక్కువ. పని లేదు, తప్పులున్నాయి. ఆ ఫారం చదివిన కోచ్ ఎవరైనా ఆమె పేరు కొట్టేస్తారు. ఆమె స్థానానికి పోటీలో ఉన్న కీర్తన అందరికంటే పైన ఉంది. కీర్తన హైదరాబాద్ అమ్మాయి. ఇక్కడ ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఉద్యోగం, జీతం నష్టం మీద సెలవు పెట్టి శిబిరానికి వచ్చింది. ఫారాన్ని కోచ్‌కీ మేనేజరుకీ పంపేశాను. నా వరకు పని అయిపోయింది.

మధ్యాహ్నం క్యాంటీన్‌లో సాంబారన్నం తింటున్నాం. గోడ మీద టీవీలో కబడ్డీ వస్తోంది. సెల్వం, బాబు ముద్ద నోటి దగ్గర ఆపి మరీ చూస్తున్నారు. కూతకి వెళ్ళినవాణ్ణి ఐదుగురు పట్టేశారు. విజిల్ పడింది. కుప్పలోంచి ఒక్కొక్కరే లేవడం మొదలుపెట్టారు. సరిగ్గా అప్పుడే మావాళ్ళిద్దరి తలలూ ఒకేసారి పళ్ళేల్లోకి వంగాయి. మళ్ళీ కూత మొదలయ్యేదాకా ఎవరూ తల ఎత్తలేదు. ఆ తర్వాతి పట్టులోనూ అంతే, ఆ తర్వాతా అంతే. నేను టీవీ చూడడం మాని వాళ్ళను చూడసాగాను.

కబడ్డీలో కింద పడ్డవాడు లేవడం ఆటలో భాగం కాదు. ఆట ముగిశాక జరిగే సంగతి. దుమ్ము దులుపుకుని అవతలికి పోవడమే. రగ్బీలో అలా కాదు. ఎదుటివాణ్ణి పడగొట్టి తానూ పడ్డవాడు, పట్టు వదిలి, చటుక్కున లేచి, తన వైపు నుంచి మళ్ళీ బంతి మీదికి వంగవచ్చు. విజిల్ పడదు, ఆట ఆగదు. పడగొట్టినవాడే లేచి బంతి లాక్కుంటే అంతకు మించిన పని బ్రేక్‌డౌన్‌లో లేదు.

అన్నం సగంలో వదిలి బాబుని గదిలోకి తీసుకెళ్ళాను. ప్రాక్టీసు మ్యాచ్‌లో ఒక ట్యాకిల్ వేసి చూపించాను. అది ఎస్తేరుదే. పడగొట్టింది, పడింది, లేచింది, బంతి మీద చేతులు వేసింది. ఇద్దరు మీద పడితే గానీ కదల్లేదు. ఈ రెండో పని ఎక్కడ రాశావని అడిగాను.

బాబు తెర వైపు చూసి, నా వైపు చూసి, నిజంగానే ఆశ్చర్యపోయాడు. “ఆమె ముందే పడిపోయిండాది గదా సార్. పడినోళ్ళని మళ్ళా ఎట్ట రాసేది? కొత్తగా వచ్చేవోళ్ళనిదా చూస్తుండాం.”

సెల్వం కూడా అదే మాట తమిళంలో అన్నాడు. ఇద్దరూ రెండు వేర్వేరు కంప్యూటర్ల ముందు కూర్చుని, ఒకరితో ఒకరు మాట్లాడుకోకుండా, ఒకే చోట కళ్ళు మూసుకున్నారు. విదేశీ జట్ల కాంట్రాక్టుల్లో ఇది బయటపడే అవకాశమే లేదు. పడగొట్టినవాడు లేచాక చేసే పనిని వాళ్ళు తమ దగ్గరే లెక్క వేసుకునేవారు, మా వంతు బయటి నుంచి కుప్ప మీదికి వచ్చేవాళ్ళ వరకే. ఇక్కడ మొత్తం లెక్క మాదే.

అక్కడికి తప్పేమిటో తెలిసింది. దాన్ని దిద్దడం ఎలాగో తెలియలేదు. నేరుగా వెళ్ళి ఎస్తేరు లెక్క తప్పు అంటే, ఎంపికకి ముందు ఒక ఆటగత్తె పేరు ఎత్తినట్టు. అదీ నా ఊరి, నా భాష అమ్మాయి పేరు. బుధవారం దీనమ్మ నా గది ముందు నిలబడడం శిబిరంలో సగం మంది చూశారు. తాటిచెట్టు కింద కూర్చుని పాలు తాగినా కల్లే అంటారు.

అనుకున్నంతా అయింది. లెక్కలో ఒక లోపం కనబడింది, మళ్ళీ చూడాలి అని శశికళ మేడమ్‌తో చెబితే, ఆమె కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టి, తమిళంలో ఒకే ప్రశ్న వేసింది. ఈ లోపం దిద్దితే ఎవరు పైకి వస్తారు? మొత్తం తిరిగి చూస్తే గానీ చెప్పలేనన్నాను. నిన్న ఒక తల్లి మీ దగ్గరికి వచ్చిందట కదా అంది. వచ్చింది, పంపేశాను అన్నాను. ఆమె నమ్మలేదు. ఆమె స్థానంలో నేనున్నా నమ్మేవాణ్ణి కాదు. అయినా అవమానంగానే అనిపించింది. అన్నేళ్ళ సర్వీసులో నా ఫారాన్ని ఎవరూ అలా చూడలేదు.

ఆమెకి ఒక దారి చెప్పాను. శుక్రవారం ఉదయం కోచ్‌కి కొన్ని క్లిప్పులు వేస్తాను. అన్నీ ఎదుటి జట్టువే, పడగొట్టేవాళ్ళలో మన అమ్మాయి ఒక్కతీ ఉండదు. అందులో కనపడేది పనో కాదో ఆయన్నే చెప్పమందాం. పని కాదంటే పాత ఫారమే ఉంటుంది, నేను నోరెత్తను. పని అంటే రెండు జట్లకీ మొదటి నుంచి లెక్క కట్టాలి. మన జట్టుని సెల్వం కడతాడు, ఎదుటి జట్టుని బాబు కడతాడు. నేను ఆ గదిలోకి అడుగు పెట్టను. మీరు కావాలంటే తలుపు దగ్గర కూర్చోండి.

ఆమె కళ్ళద్దాలు పెట్టుకుంది. సరే అంది.

శుక్రవారం పొద్దున్నే కోచ్ వచ్చారు. వరసగా క్లిప్పులు వేశాను. విదేశీ జట్టు ఆరో నంబరు అమ్మాయి మనవాళ్ళను పడగొట్టి, లేచి, బంతి మీద వాలడం. రెండోది చూస్తూనే ఆయన ముందుకు వంగారు. ఇలాంటి పని చేసేవాళ్ళు ఇద్దరుంటే టెస్ట్ గెలుస్తాం, మనకి ఒక్కరూ లేరు అన్నారు. ఉన్నారో లేరో మన ఫారం చెప్పలేదు, దాన్ని మేం ఎవరికీ లెక్కపెట్టలేదు అని చెప్పాను. ఆయన తిట్టలేదు. మధ్యాహ్నానికి కావాలి అని మాత్రం అన్నారు.

సెల్వం, బాబు గదిలో కూర్చున్నారు. శశికళ మేడమ్ నిజంగానే కుర్చీ తెప్పించుకుని తలుపు దగ్గర కూర్చుంది. నేను మైదానం అవతల ఉన్న టీ కొట్టుకి వెళ్ళాను. ఎంత సర్వీసు ఉంటే ఏం లాభం, కాలుగాలిన పిల్లిలా కొట్టుకీ గేటుకీ మధ్య తిరిగాను. లేచి ఆడినవాళ్ళు మన జట్టులో ఇంకెందరున్నారో నాకు తెలియదు. నేను చూసింది ఒక్క ట్యాకిల్. తక్కినవన్నీ కలిపితే ఎస్తేరు అట్టడుగునే మిగిలిపోవచ్చు. అప్పుడు చేసిన హడావిడంతా నా నెత్తిన పడుతుంది. పడినా నష్టం లేదు, లెక్క సరిగ్గా ఉంటే చాలు అని నాకు నేను చెప్పుకున్నాను. పూర్తిగా నమ్మలేదు.

కొత్త ఫారాన్ని శశికళ మేడమే పట్టుకొచ్చింది. ఎస్తేరు ఫార్వర్డ్‌లలో పై వరసకి వచ్చింది. పడగొట్టిన దాదాపు ప్రతిసారీ లేచింది, లేచిన ప్రతిసారీ బంతి కోసం వంగింది. పెనాల్టీలు పెనాల్టీలుగానే ఉన్నాయి. పట్టు వదలకుండానే లేచిన సందర్భాలవి. కాకపోతే ఇప్పుడు వాటి పక్కన పని కూడా కనపడుతోంది. పని లేకుండా అన్ని తప్పులు వేరు, అంత పని మధ్య అన్ని తప్పులు వేరు. కీర్తన లెక్క మారలేదు. మిగతావాళ్ళు పెరగడంతో ఆమె కిందికి జారింది. పడగొట్టాక ఆమె ఒక్కసారి కూడా బంతి కోసం లేవలేదు. ఆ బంతిని వదిలేసి లేచి, తర్వాతి బ్రేక్‌డౌన్‌కి మాత్రం అందరికంటే ముందు చేరింది.

ఎంపిక సమావేశంలోకి నాకు ప్రవేశం లేదు. సాయంత్రం జాబితా గోడకెక్కింది. బెంచి మీద ఎస్తేరు పేరుంది. కీర్తన పేరు లేదు. ఎస్తేరు గోడ దగ్గర నిలబడి జాబితా రెండుసార్లు చదువుకుని, ఫోన్ పట్టుకుని మెట్ల వైపు పరుగెత్తింది.

రాత్రి భోజనాలకి ముందు కీర్తన నా గదికి వచ్చింది. ఏడవలేదు. గోడ మీది మొదటి ఫారం ఫోటో ఫోన్లో తీసి పెట్టుకుంది, అది నా ముందు పెట్టింది.

“సార్, ఇండ్ల పడ్డంక లేచుడుకు మార్కుల్లేవు. చేరినందుకే ఉన్నయి. అందుకే నేను పడ్డకాడ టైం వేస్ట్ చెయ్యకుంట నెక్స్ట్ దానికి ఉరికిన. మీరు ఏది రాసిన్రో గదే చేసిన. ఎస్తేరు అసలు ఈ కాగితం సదవనే లేదు.”

ఆమె చెప్పినదాంట్లో ఒక్క అక్షరం తప్పు లేదు. మొదటి లెక్క ఎస్తేరుకి అన్యాయం చేసింది. దిద్దిన లెక్క, మొదటి లెక్కను నమ్మిన అమ్మాయికి అన్యాయం చేసింది. ఆ మాటే ఆమెతో అన్నాను. కోచ్‌తో కూడా చెబుతానన్నాను, చెప్పాను. ఆయన ఒప్పుకున్నారు గానీ, టెస్ట్ ఆదివారం అన్నారు. ఆదివారానికి లేచి ఆడేవాళ్ళే కావాలి. ఆయన మాటా తప్పు కాదు.

టెస్ట్‌లో ఎస్తేరు ఆఖరి పావుగంట ఆడింది. మనం ఓడిపోయాం. ఆమె అర్జీ చెల్లింది. కీర్తనకి మరుసటి ఏడు చోటు దొరికింది. ఆ ఏటి టెస్ట్‌లో ఆమె పడ్డ ప్రతిసారీ లేవడం నేను స్టాండ్‌లో కూర్చుని చూశాను. అప్పటికి ఆ జట్టుతో నాకు సంబంధం లేదు.

టెస్ట్ అయ్యాక గేటు దగ్గర దీనమ్మ ఎదురైంది. నేను నవ్వాను. ఆమె నవ్వలేదు. పక్కనున్న బంధువుతో, నాకు వినపడేలాగే, “ఈయనదా ఆడ పెద్ద ఆఫీసరు. ఒక మాట చెప్పమంటే తరిమేసినాడు. దేవుడుదా చూసినాడు మా పాపని,” అంది. లోపల ఏం జరిగిందో ఆమెకి చెప్పే హక్కు నాకు లేదు. చెప్పాల్సిందీ లేదు. ఆమె పాప కోసం నేను ఏమీ చేయలేదు. లెక్క కోసం చేశాను.

ఆ సంఘటన నేర్పింది చిన్నదే. లెక్క కట్టేవాడి కన్ను ఎక్కడ ఆగిపోతుందో తెలియకుండా ఆ లెక్కను గోడకి అంటించకూడదు. అంటించిన మర్నాటి నుంచి ఆటగాళ్ళు ఆట ఆడరు, గోడను ఆడతారు. ఆ తర్వాత రిటైరయ్యేదాకా నేను వెళ్ళిన ప్రతి శిబిరంలోనూ మొదటి రోజు ఫారం ఆటగాళ్ళ చేతికిచ్చి, ఇందులో ఏ పని లేదో చెప్పమని అడిగాను. అడిగిన ప్రతిసారీ ఎవరో ఒకరు చెయ్యెత్తారు.